నలభై ఒక్క సెకన్లు

కార్డు నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే
తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.
కిటికీ అవతల బెందాళం నీలాచలం
ఎడమ చేతి ఫిస్టులా మీద తువ్వాలు కప్పుకుని
"ఏటి బాబూ, నాను బతికున్నానో నేదో
తేల్చడానికి ఇంతసేపా?" అన్నాడు.
నవ్వాడు కూడా.

సోంపేట డయాలసిస్ కేంద్రం, మూడో షిఫ్టు.
శ్రీకాకుళం నుంచి నన్ను ఒక్కపూట పనని పంపారు.
ముందు కేబుల్‌ని అనుమానించాను,
తర్వాత ఉప్పుగాలికి తుప్పెక్కిన స్విచ్‌ని.
సర్వర్ ఫ్యాన్ రెక్కల్లోంచి
జీడిపిక్కల బట్టీ మసి గుప్పెడు తీశాను.
నర్సు గడియారం చూసి చెప్పింది:
"సర్, మీరొచ్చాక ఒక సెకను పెరిగింది."

చివరికి ఆ క్వెరీనే అడిగాను,
ఎలా వెతుకుతున్నావో చెప్పమని.
ఎక్స్‌ప్లెయిన్, ఒక్క మాట.
దాపరికం లేకుండా చెప్పేసింది:
మొదటి వరస నుంచి చివరి వరస దాకా
అందరినీ తాకి చూస్తున్నానని.

తొమ్మిది లక్షల వరసలు.
మనిషి వచ్చిన ప్రతిసారీ, బీపీ తీసిన ప్రతిసారీ ఒకటి.
ఎక్కడో ఒకచోట తేదీలు ఆగిపోతాయి.
స్థితి అనే గడిలో ఒకే అక్షరం, "మ".
కిందికి జరిపేకొద్దీ
"మ", "మ", "మ".

నీలాచలాన్ని కుర్చీ ఎక్కించడానికి
వారానికి మూడుసార్లు ఈ యంత్రం
రుషికుద్దలో, బొరివంకలో, మాణిక్యపురంలో
లేనివాళ్ళ గుమ్మాలన్నీ ఎక్కి దిగుతోంది.
నువ్వా? కాదు. నువ్వా? కాదు.

రెండు పంక్తులు రాశాను.
కార్డు నంబరు మీద ఇండెక్స్,
"బ" ఉన్నవాళ్ళకి మాత్రమే.
కట్టుకోవడానికి పదకొండు నిమిషాలు తీసుకుంది.

తర్వాత ఎంటర్ మీంచి వేలు తీసేలోపు
పేరు, బరువు యాభై మూడు, నాలుగో కుర్చీ.
అందరూ చప్పట్లు కొట్టారు,
గుమస్తా ఢిల్లేశ్వరరావు తప్ప.
ఆ నలభై ఒక్క సెకన్లలోనే ఆయన అడిగేవాడట,
కాళ్ళు వాచాయా,
కొబ్బరినీళ్ళు ముట్టలేదు కదా, ఒట్టెయ్యి, అని.
"ఇప్పుడు నాను తలెత్తేలోపే
మనిషి లోపలికెల్లిపోతన్నాడు."
కాసేపాగి,
"మరి ఆ మిగిలినోళ్ళు?" అన్నాడు.
ఉన్నారన్నాను. అడిగితే వస్తారు.
"ఎవులడుగుతారు?"

బస్సుకి ఇంకా టైముంది.
ఎందుకో మళ్ళీ ఆ నంబరే కొట్టాను.
సున్నా పాయింట్ సున్నా మూడు.
గడిలో "బ".