మూతెడు

బోరు నీళ్లతో కడిగితే
ఆరిన చోటల్లా సున్నపు చుక్కలు.
బానెట్ మీద, డోర్ల మీద,
మా షాహీన్ నవ్వితే పళ్ల మీద కనపడేటియ్యే.

అందుకని మంచినీళ్లు పోసేవోణ్ణి,
కారుకి.

కనిగిరిలో ట్యాంకర్ హారన్ కొడితే
వీధి వీధంతా బిందెలై నిలబడుద్ది.
ఇంటికి ఎనిమిది బిందెల లెక్క.
ఆ పొద్దు నాలుగు బిందెలు డ్రమ్ములో పోసి
చెంబుతో తెల్లబండి మీద చల్లుతుండా.
పెంచలమ్మవ్వ ఆగింది.
వంగిన మోకాళ్లు, నడుం మీద ఖాళీ బిందె,
ఎముకల్దాకా ఈ ఊరి నీళ్లు తాగిన మనిషి.
"ఖాజావలీ,
నీ కారుకి దప్పికేస్తందా అబ్బయ్యా?"

తిట్టినా బాగుండు.
చెంబు చేతిలో ఉండిపోయింది.
సగం తడిసిన బండితోనే
ఒంగోలు బాడుగకి పొయ్యా.

కర్నూలు రోడ్డు మీద కొట్టు.
అద్దాల వెనక సీసాలు
ఊదా, నీలం, నిమ్మకాయ రంగు,
తిరనాళ్లలో సోడాబండి లాగ.
కౌంటర్లో కుర్రోడు ఇమ్మానుయేలు
ధర చెప్పలేదు. బయటకొచ్చి
నా డోరు మీద వేలుతో గీత గీసి
ఆ వేలు ఎండకి పట్టి చూశాడు.

"ఏ దారినొచ్చావన్నా?"
"పొదిలి, చీమకుర్తి."
"మరి చెప్పవే! ఇది దుమ్ము కాదు, కొండ.
కోసిన రాయి పిండి.
దీని మీద స్ప్రే కొట్టి తుడిచావనుకో,
నీ చేతిలో ఉండేది గుడ్డ కాదు, ఉప్పుకాయితం.
నీళ్లే వద్దనే సీసా ఉందే,
అది షెడ్డులో నిద్రపొయ్యే బళ్లకి.
రాత్రి పడ్డ నూగు దుమ్ముకి, పిట్ట రెట్టకి.
నీకు ఇది.
సగం బక్కెట్ నీళ్లలో ఒక్క మూతెడు.
మళ్లీ కడిగే పని లేదు."

"నురగొస్తదా?"
"రాదు. వస్తే కడగాలిగా.
నురగని నమ్మొద్దన్నా.
ఇది జారుడు మందు.
రాయికీ రంగుకీ మధ్యన దూరి
గట్టు తగాదాలో పెద్దమనిషిలా
ఇద్దర్నీ తగలనీకుండా పంపిచ్చుద్ది."

నాలుగు గుడ్డలూ కొనిపిచ్చాడు,
నా రెండు రోజుల డీజిల్ డబ్బులు.

తెల్లారి, సగం బక్కెట్. మూతెడు.
తడిగుడ్డ పిండకుండా పరిచి
పై నుంచి కిందికి ఒక్కటే గీత.
గుండ్రంగా తిప్పితే ఎండలో సాలెగూళ్లు లేస్తయ్యంట.
గుడ్డ ఎనిమిది పక్కలు మడిచి
మురికైన పక్క లోపలికి, కొత్త పక్క బయటికి,
లెక్కల పుస్తకం తిరగేసినట్టు.

అబద్ధమెందుకు,
చేతులు నమ్మలేదు.
నాకు స్టీరింగ్ ఇచ్చిన ఏలియా మేస్త్రి
సాగర్ కాలవలో లారీని మోకాటి లోతు దించి
బక్కెట్లకి బక్కెట్లు ఎత్తి కొట్టేవోడు.
"బండి ఒళ్లు తడిస్తేనేరా
దాని బడలిక తీరేది" అనేవోడు.
ఆ చప్పుడు లేదు.
రేకు మీద నీళ్లు పగిలే చప్పుడు.
కడిగినట్టు లేదు, బుజ్జగించినట్టుంది.

కానీ డోర్లో నా మొహం కనపడింది,
చుక్క లేకుండా.
బక్కెట్ అడుగున చీమకుర్తి పేరుకుంది,
నల్లగా, లోపల రెండు మూడు
బంగారం నలుసులు మెరుస్తా.
దాన్ని టైర్ల మీద పోసేశా.

ట్యాంకరొచ్చింది.
పెంచలమ్మవ్వ బండి చుట్టూ ఒకసారి తిరిగి
తడవని నేలని చూసింది.
"కడిగావా, తుడిచావా?"
ఏమనాలో తెలీలా.
"నీళ్లు పట్టలేదవ్వా, సగం బక్కెట్టే."

"సగం బక్కెట్టేనా" అంది,
మెచ్చుకుంటదని మెడ నిక్కించా.
"ఐతే నీకు మూడున్నర మిగిలినట్టేగా"
అని లెక్కగట్టి,
లైన్లో నా బిందె పక్కకి జరిపి
తన బిందె పెట్టింది.