ఐదూ నలభై రెండు

కృష్ణరాజపురం మూడో ప్లాట్‌ఫారం కొసన
వేలాడే వంతెన తీగలు కనబడే చోట
ఫోన్ ఐదూ నలభై రెండంటోంది.
బండి ఏమీ అనడం లేదు.

'సమయానికే నడుస్తోంది' అని పచ్చటి అక్షరాలు.
ఆ పచ్చ నాకు తెలుసు.
అది ఎంచిన మీటింగులో నేనూ ఉన్నాను.
వైట్‌ఫీల్డులో, ఏడో అంతస్తులో,
ముదురుదా లేతదా అని
మధ్యాహ్నమంతా వాదించుకున్నాం.
బండి ఊసు ఎవరూ ఎత్తలేదు.

పక్కనే ఖాళీ గంప బోర్లేసుకుని కూచుని
వక్క నములుతోంది అక్కులమ్మ.
వేళ్లకింకా కరేపాకు వాసన.
"ఏం చెప్తా ఉండాది నీ ఫోను?"
చెప్పాను.
"అది నిన్నటి బండేమో," అంది, నవ్వకుండానే.

ఆమె దిగే చోటు మా యాప్‌లో లేదు.
చింతమాకులపల్లి హాల్ట్ అని కొడితే
'మీరంటున్నది చింతామణేనా?' అంటుంది.
కాదని మొండికేస్తే
రెండు బస్సులు, ఒక ఆటో,
పదకొండు కిలోమీటర్ల నడక కలిపి
ఐదు గంటల పది నిమిషాలని తేలుస్తుంది.
బండిలో అయితే గంటన్నర.
ఎక్కినాక.

"ముందు ఎర్రది పోవల్ల, తర్వాత నీలంది.
నీలందాని తోక పట్టుకుని వస్తాది మనది.
అది ఆలీశమైతే
మనది టేకల్ కాడ పండుకుంటాది.
అదిగో, ఆ సమోసాల పిల్లోణ్ణి చూస్తా ఉండు.
వాళ్లన్న బయ్యప్పనహళ్లిలో టీ అమ్ముతాడు,
బండి కదిలితే మిస్డ్ కాల్ ఇస్తాడు.
ఈడు లేస్తే మనమూ లేద్దాం."

మా పట్టికలో ఈ బండి
ఎక్కడాగినా ఒక్కటే నిమిషం.
అక్కులమ్మ ఊరికి ప్లాట్‌ఫారం లేదు.
ముందు గంపలు దిగుతాయి, తర్వాత మోకాళ్లు.
వెనక పెట్టెలో గార్డు
పచ్చలైటు కిందికి దించి పట్టుకుంటాడట
చీకట్లో రెండో గంప చేతికి తగిలిందాకా.
ఆ నిమిషం ఏ గడిలో రాయను?

ఆరూ పది.
ఫోన్‌లో బండి ఎప్పుడో వెళ్లిపోయింది.
చిన్న నీలిచుక్క మాలూరు వైపు జారుతోంది,
ఎవరికీ ఆలస్యం కాకుండా.
అందులో మేమిద్దరమూ
కిటికీ పక్కన కూచునే ఉన్నామేమో.

ఆరున్నరకు
పిల్లోడి జేబులో ఒకసారి మోగి ఆగింది.
వాడు బుట్ట ఎత్తుకుని కొసకు నడిచాడు.
అక్కులమ్మ చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది.
రెండో గంప నేనెత్తుకున్నాను.

"నువ్వు యాడ దిగల్ల?"
"మీ ఊళ్లోనే. ఆ చోటు గుర్తు పెట్టుకుని రమ్మన్నారు ఆఫీసులో.
వెనక్కి బండి ఎప్పుడుంటుంది?"

"తెల్లార్తో.
కరేపాకు కోసినాక."