మంగమారిపేట స్టాపు

నాలుగు కాకముందే కోటవీధిలో
తలుపు చప్పుడు కాకుండా దగ్గరికేసి
నాడాలకు రెండేసి ముళ్ళు వేసుకుంటాను.
"ఎవరు తరుముతున్నారు నిన్ను?" అని
దుప్పట్లోంచి అచ్చియమ్మ అడగడం మానేసి
చాలా ఆదివారాలైంది.

పోర్టులో క్రేను నాది.
అంతెత్తున గాజు గదిలో ఒక్కణ్ణే
రాత్రంతా బొగ్గు దించుతాను.
అక్కడ రెండు వేళ్ళు కదిపితే
పదిహేను టన్నులు గాల్లోకి లేస్తాయి.
ఇక్కడ డెబ్బై ఒక్క కిలోలే,
నన్ను నేనే ఎత్తాలి,
దించాలి,
మళ్ళీ ఎత్తాలి.

ఆర్కే బీచి దాకా కాళ్ళు నిద్రలోనే ఉంటాయి.
ఒడ్డుకెక్కిన జలాంతర్గామి పక్కన
కుక్కొకటి నాలుగు గజాలు తోడొచ్చి
నాలో పస లేదని వెనక్కి పోతుంది.
అప్పుఘర్, జోడుగుళ్ళపాలెం, సాగర్ నగర్,
పేర్లు దాటడం తేలిక.
ఋషికొండ ఎక్కుడు దగ్గర ఉప్పుగాలి ఎదురు తిరుగుతుంది.
అదీ ఒంటి పనే, ఒళ్ళే చూసుకుంటుంది.
ఆ తర్వాత నోరు తెరుస్తాడు
లోపలివాడు.

వాడి యాస నాదే.
"ఏటిరా, సాల్లే, కూకో.
ఎవుడు సూత్తన్నాడు నిన్ను?
ఆ బొండాల బండి కాడ కాసేపు కూకుని
ముప్పై పరుగెట్టీసినానని సెప్పీ.
ఎవుడు కొలుత్తాడు?"

నిజమే, ఎవరూ కొలవరు.
సముద్రం తన పనిలో తానుంది.

వాడితో వాదించి గెలిచినవాణ్ణి కాను నేను.
కిందటి వేసవిలో వాడే గెలిచాడు.
మంగమారిపేట స్టాపులో కూలబడ్డాను.
పిక్కలు పట్టేసి కాదు, అబద్ధమెందుకు,
పిక్కలు బాగానే ఉన్నాయి.
ఊరికే, వద్దనిపించింది.
తొమ్మిది వందల కె బస్సొస్తే
ఎక్కి చేపల గంపల మధ్య నిలబడ్డాను.
కండక్టరు నా బూట్లు చూశాడు, నా ముఖం చూశాడు,
ఏమీ అనకుండా టికెట్ చింపాడు.
ఫోను కవరులో ఉంది ఇప్పటికీ,
చెమటకి అక్షరాలు చెరిగి, గుడ్డలా మెత్తబడి,
అంకె ఒక్కటి మిగిలి.

ఇవాళ ఆ స్టాపు వస్తోంది.

భీమిలి అనుకోను.
భీమిలి అనే మాట క్రేనుకి కూడా లేవదు.
స్తంభం నుంచి స్తంభానికి.
తొమ్మిది లెక్కపెట్టి, పదోది మరిచిపోయి,
మళ్ళీ ఒకటి నుంచి.
వాడు వాగుతూనే ఉన్నాడు.
వాగనిచ్చాను.
రేవులో కళాసీలూ అంతే,
షిఫ్టు పొడుగునా తిడుతూనే ఉంటారు,
ఓడ మాత్రం ఖాళీ అవుతూ ఉంటుంది.

సిమెంటు బల్ల దగ్గర గంప దించుకుని ముసలామె
"బస్సెల్లిపోనాదేటి బావూ?" అంది.
"లేదమ్మా, రాలేదు."
ఆ రెండు మాటలకే ఊపిరి అయిపోయింది.
ఆగకుండానే బదులిచ్చానని
మూడు స్తంభాల తర్వాత గానీ తెలియలేదు.

అటు పైన ఎర్రమట్టి దిబ్బలు.
రాయి కాదది, గోటితో గీస్తే రాలే ఇసుక.
వానొచ్చినప్పుడల్లా కాస్త కోసుకుపోతుంది.
అయినా తెల్లారేసరికి ఉన్నచోటే, ఎర్రగా.
గట్టితనమంటే రాయనుకున్నాను ఇన్నాళ్ళూ.
ఇంకేదో అనుకోబోయాను కానీ
ఎడమ మేజోడు తడిసింది,
బొటనవేలి గోరు పోయినట్టుంది.

లైట్‌హౌసు గోడకి అరచెయ్యి ఆనించాను.
ఏమీ జరగలేదు.
మేకొకటి నమలడం ఆపి చూసింది,
మళ్ళీ నమిలింది.
జేబులో బెల్లంముక్క కరిగి గుడ్డకంటుకుపోతే
గుడ్డతో సహా చప్పరించాను.

తిరుగు ప్రయాణం అదే బస్సు.
మంగమారిపేటలో ఆగినప్పుడు
ముసలామె లేదు,
బల్ల మీద ఎండ కూర్చుని ఉంది.
కొత్త టికెట్ మడిచి పాతదాని పక్కన పెట్టాను.
రెండంకెలూ పక్కపక్కన చూసుకుంటే
తేడా ఐదు రూపాయలు.

రాత్రి పదింటికి డ్యూటీ.
అచ్చియమ్మ అన్నం వండే ఉంటుంది.