బీగంచెవి

నిన్నటి నుంచి ఫ్రిజ్జుకు బీగం.
చెవి నా మెడలో, సూత్రాల పక్కన, నల్లదారానికి.
మా ఇంట్లో ఏనాడూ బీగమేసేంత తిండి లేదు.
ఇప్పుడు జహ్రాలో ఒక ఇంటి తిండికంతా
నేనే కాపలా.

మిషారికి ఎనిమిదేండ్లు, యాభైనాలుగు కేజీలు.
స్కూల్లో మూడు మెట్లెక్కి ఆయాసంతో నిలబడిపోతాడంట.
వంగితే పొట్ట అడ్డం, బూట్ల లేసులందవు.
నేను కింద కూర్చుని కడతా ఉంటే
పడిపోకుండా నా నెత్తిన చెయ్యి ఆనిస్తాడు.
బరువైన చెయ్యి. వెచ్చగా ఉంటాది.

డాక్టరమ్మ కాగితం చూసి ఏందో చెప్పింది.
మేడమ్ మొగం మాడిపోయింది.
కార్లో, నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో అడిగితే,
రక్తంలో ఇనుము లేదంట వానికి.
అంత వొళ్ళుండే పిల్లోనికి.
నాకు నవ్వొచ్చింది. పాపం తగిలితే తగలనీ, నవ్వొచ్చింది.
పోయిన నెల మా గాలివీడు అంగన్వాడీ టీచరు
ఫోన్లో చెప్పింది ఈ మాటే గదా,
మా మోక్షితకు.
నాలుగేండ్ల బిడ్డ, పదకొండున్నర కేజీలు,
జబ్బకు పట్టీ చుడితే పసుపు గీత దగ్గర ఆగిపోయిందంట.
ఆ రాత్రి మిషారి నిద్రపోయినాక
వాని కింది రెప్ప మెల్లగా లాగి చూసినా.
సున్నం కొట్టిన గోడ.

ముసలామె లులువాకు తొంభై దగ్గరపడింది.
వాళ్ళ నాయన ముత్యాలకు సముద్రంలో మునిగేవాడంట.
పడవ తిరిగొచ్చేదాకా నాలుగు నెలలు
పిల్లలకు ఖర్జూరాలు లెక్కబెట్టి పెట్టేదంట వాళ్ళమ్మ.
వేళ్ళు చూపిస్తాది: ఒక చెయ్యి, ఇంకో చేతివి రెండు.
అందుకే మునిమనవని పళ్ళెంలో
అంచు కనపడితే ఓర్చుకోలేదు.
మేడమ్ ఎంత అరిచినా
ఆమె గౌను జేబులో చాక్లెట్లు కరుగుతానే ఉంటాయి.
ఉతికేది నేనే, నాకు తెలుసు.

మా అత్తా అంతే.
"కువైటు దుడ్లొస్తాంటే బిడ్డకు సంగటేందే,
చూసినోళ్ళు నవ్విపోరా" అని
అంగట్లో దండలు దండలుగా వేలాడే ప్యాకెట్లు
రోజుకు రెండు తెంపి ఇస్తాది.
అంగన్వాడీ గుడ్డు మాత్రం నీసు వాసనంట.
కరువు చూసిన ముసలోళ్ళను
ఏమని కసురుకునేది?

రాత్రి ఫోన్ చేస్తే మోక్షిత పలకలేదు.
ఏదో చింపిన చప్పుడు. తర్వాత కరకరా నమిలే చప్పుడు.
"ఏం తింటాండావు తల్లీ?"
కెమెరాకు వేళ్ళు అడ్డం పెట్టింది.
కొనల్లో ఎర్రగా మసాలా.
ఆ ఎరుపునే పొద్దున మిషారి దిండు గలేబు మీద
సబ్బుపెట్టి రుద్దినా, పోలేదు.

నూరు దినార్లు.
ఎడారిని ఈ ఇంట్లోంచి దినామూ ఊడ్చి ఊడ్చి
నేను పంపిండేది దీనికా?

ఒంటిగంటకు వచ్చినాడు, చెప్పుల్లేకుండా.
ఫ్రిజ్జు తలుపు లాగినాడు. టిక్కుమనింది.
ఏడవలేదు. నా మెడకేసి చూసినాడు.
"యూఆన్" అన్నాడు.
ఆకలి. వీళ్ళ మాటల్లో
నేను మొదట నేర్చుకున్న మాట.

చెవి ముట్టుకోలేదు నేను.
నా పెట్టె అడుగున చెనిక్కాయలుండాయి,
వచ్చేటప్పుడు మా అమ్మ మూట కట్టింది.
తీసి వాని అరచేతిలో పోసినా.
పోసింటి అనుకున్నా గానీ,
చూస్తే లెక్కబెట్టే పెట్టినా.
ఏడు.

వొలిచేది చేతగాక తిప్పి తిప్పి చూసినాడు,
ఇంతేనా, అన్నట్టు తలెత్తినాడు.
ఆ నిండు మొగంలో ఆ చూపు.
దాన్ని నేను ఎరుగుదును.
దాన్ని బిడ్డ కండ్లల్లో చూడలేకనే గదా
ఇమానం ఎక్కింది.