బిళ్ల నంబరు 417

బీతోమ్‌లో నేల తనంతట తానే దిగిపోతుంది.
మా వంటింటి గోడ పగులు మీద
మున్సిపాలిటీ వాళ్ళు గాజుబద్ద అంటించి
తేదీ రాసి వెళ్ళారు.
అది చిట్లితే ఇల్లు ఇంకొంచెం కుంగినట్టు.
పళ్ళెంలో పుల్లటి రై సూపు
ఎప్పుడూ తూర్పంచుకే ఎక్కువ.

స్క్రీన్ లోపలి లోకంలో మాత్రం
నేల మహా మొండిది.
అక్కడ నాకో చెక్క జాగా ఉంది,
అద్దె నెలకి మూడు కాఫీల ఖరీదు.
ఆ గడ్డి కింద ఒక బొగ్గుగని కట్టాలని కూచున్నాను.
గని కూడా కాదు, ముందు ఒక్క దీపం,
మా అలోయ్జీ తాత దీపాల గదిలో
ముప్పైయొక్క ఏళ్ళు తుడిచినలాంటిది.

స్క్రిప్ట్ రాశాను:
నేల ఎత్తెంతో అడుగు.
అందులోంచి ఆరువందల నలభై తీసెయ్.
దీపాన్ని అక్కడ పెట్టు.
పెట్టింది.
రెప్పపాటులో దీపం గడ్డి మీద ఉంది,
ఏమీ ఎరగనట్టు.
మళ్ళీ రాశాను. నాలుగొందలు. వంద. పది.
పోనీ ఒక్క జానెడు.
నీళ్ళలోకి తొక్కిన బెండులా
ప్రతిసారీ పైకే.
నేల కన్నా తక్కువ అంటే ఆ లోకానికి
నేల అనే వినిపిస్తుంది.
పాతిపెట్టడం దానికెవరూ నేర్పలేదు.

వెనక కుర్చీలో తాత
చెవి మిషను సర్దుకుంటూ,
"ఊరికే దిగమంటే ఎట్లా దిగుతుంది?
దాని బిళ్ల ఏదీ?" అన్నాడు.

గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఓ ఇత్తడి బిళ్ల.
దీపం తీసుకుంటే బిళ్ల కొక్కేనికి.
పైకొచ్చి దీపం ఇచ్చేస్తే బిళ్ల జేబుకి.
షిఫ్టు అయిపోయాక కూడా
కొక్కేనికి బిళ్ల వేలాడుతుంటే
కింద మనిషి ఉన్నాడని.
తాత దీన్ని లెక్క అంటాడు,
ఇంకేమీ అనడు.

అప్పుడు తట్టింది.
నేల మీద వేలెడంత బిళ్ల పెట్టాను.
దానికి కనపడని గొలుసు,
ఒక్కో కడియం యాభై మీటర్లు,
చివర దీపం.
ఆ లోకం తలని మాత్రమే తడిమి చూస్తుంది.
తల పైన ఉందా, సరే.
తోక ఎంత లోతుకి వేలాడినా దానికి పట్టదు.
పదమూడు కడియాలు.
దీపం దిగింది.
ఉండిపోయింది.

"నంబరు?" అన్నాడు తాత.
ఏదో ఒకటి వేద్దామని ఒకటి కొట్టబోయాను.
"నాలుగొందల పదిహేడు."
ఎవరిదని అడగలేదు.
ఆ నంబరు బస్సొస్తే అమ్మ ఇప్పటికీ ఎక్కదు,
వానలో నిలబడి వెనకదాని కోసం చూస్తుంది.
రూఫిన్ మామయ్య ఫొటోలో
ఇరవైనాలుగేళ్ళ దగ్గర ఆగిపోయాడు.
సొంత కొడుకు కొక్కెం ముందు
తాత ఎన్ని షిఫ్టులు నిలబడ్డాడో
మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

కెమెరాని నేల కిందకి తోశాను.
కింద నుంచి చూస్తే ఆ లోకంలో
నేలే లేదు.
చేసినవాళ్ళు పైపక్కకే రంగు పూసి
అడుగుపక్క వదిలేశారు,
ఎవరు చూడొస్తారులే అని.
గడ్డి లేదు, రాయి లేదు,
దీపం నెత్తిన సూటిగా ఆకాశం.
చుక్కలు.
పక్క జాగా మనిషెవరో
బూట్ల అడుగులు చూపిస్తూ
గాలిలో నడిచిపోయాడు.

తాత కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.
"అక్కణ్ణించి ఇట్లా కనిపిస్తుందా?"
అవునన్నాను.
అది ప్రోగ్రాము లోపమని చెప్పబోయి
నోరు మూసుకున్నాను.

చాలాసేపు చూశాడు.
సేవ్ చేసి పడుకోమన్నాడు.
పోతూ పోతూ వంటింట్లో లైటు వేసి
గోడ మీది గాజుబద్దని వేలితో తడిమి
"ఇంకా చిట్లలేదు" అన్నాడు,
నాతోనో, గోడతోనో.