నవ్వేవాళ్ళు లేని భాష

రాయపురంలో కరెంటు పోతే
కేశవులు మామ ల్యాప్‌టాప్ వెలుగొక్కటే
మేడమీద మిగులుతుంది.
హార్బరులో ముప్ఫైరెండేళ్ళు
దిగిన మూటలూ ఎక్కిన మూటలూ లెక్కరాసిన వేళ్ళు
ఇప్పుడు ప్రాకృతంలో విజ్ఞానసర్వస్వం రాస్తున్నాయి.

నిన్న చంద్రుడి పేజీ పూర్తయింది.
ఇవాళ నీళ్ళలారీ దగ్గర ఆగిపోయాడు.
"ఉదగసగడం అంటే ఎట్లుంది?" అన్నాడు.
ఎట్లుందో చెప్పడానికి నేనెవర్ని?
చెప్పగలిగినవాళ్ళు పోయి ఎన్ని వందల ఏళ్ళయిందో.
వాళ్ళకి లారీ తెలీదు,
మాకు వాళ్ళు తెలీదు.

నేనూ ఊరుకోలేదు.
"తప్పు రాస్తే ఎవరు దిద్దుతారు మామా?
చిన్నప్పుడు నేను 'ఏనుగు వచ్చాడు' అంటే
మా మేనత్త పొట్టపట్టుకుని నవ్వింది.
ఆ సిగ్గే నా వ్యాకరణం.
నవ్వేవాళ్ళు లేని భాషలో
ఒప్పు మాత్రం ఎక్కణ్ణించి వస్తుంది?"

కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడిచాడు.
"ఏడో నంబరు గోడౌనని ఒకటుండేది.
సరుకు తాలూకు మనిషి రాడు, వేలమూ వెయ్యరు.
అయినా రోజూ తాళం తీసి, చూసి, తాళం వేసి
చూశానని సంతకం పెట్టేవాణ్ణి.
దానిక్కూడా జీతమిచ్చారు."

అది జవాబో కాదో తేల్చుకునేలోగా
కింద బిందెల మోత.
తన్నిలారీ వచ్చింది.

కార్పొరేషను చీపురు గోడకానించి
పెంచలమ్మ అరుస్తోంది,
వరసలో దూరినవాడి మీద.
మా తెలుగే.
సగం అరవం, కాలుభాగం నెల్లూరు, తక్కినది బూతు.
వాణ్ణి చెత్తతో పోలుస్తోంది, అదీ రకాలవారీగా:
తడిదానికో మాట, ఎండినదానికో మాట,
కాలవలో పేరుకుని రెండూ కాకుండా పోయినదానికి
ఇంకో మాట.
ఆ మూడోది నేనెప్పుడూ వినలేదు.
పక్కన కూతురు
"పోదుంమ్మా, పోదుం" అని అరవంలోనే ఆపుతోంది.

"మామా, ఇది రాయరాదా?"

కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు విన్నాడు.
"అది బతికే ఉందిగదా, తొందరేముంది" అన్నాడు.
కూచుని, ఉదగసగడం కొట్టేసి
కాసేపాగి
మళ్ళీ అదే రాశాడు.

బిందె తీసుకుని దిగాను.
మెట్లమీద, చీకట్లో, ఎవరూ లేరనుకుని
ఆ మూడో మాట రెండుసార్లు పలికి చూశాను.

కింద పెంచలమ్మ చెవిన పడింది కాబోలు,
చీపురు జారవిడిచి మరీ
ఎంత నవ్విందో!