ఒక్క కంటి నీళ్లు

ఎర్రగడ్డ తరగతా ఉంటే
కుడి కంట్లోనే నీళ్లొస్తాయి నాకిప్పుడు.
ఎడమది, పక్కింటి ఏడుపుతో నాకేమన్నట్టు
ఊరికే చూస్తా ఉంటుంది.

జూన్ నెల. తోతాపురి లారీలు
చిత్తూరు బైపాసు దాకా బారు తీరి ఉండినాయి.
గుజ్జు ఫ్యాక్టరీలో ఆవిరి గొట్టం కాడ నేను.
నేల తిరిగింది. వాంతి. గొంతు బొంగురుపోయింది.
ఎక్కిళ్లు మూడు దినాలు విడవలే.
"ఎవురో తలుచుకుంటాండారు" అని కుప్పమ్మ నవ్వింది.
తలుచుకున్నోళ్లు ఎవురూ లేరు,
మెదడు కాండంలో చింతగింజంత చోట
నెత్తురు పారడం ఆగింది.

తిరపతి ఆస్పత్రిలో డాక్టరమ్మ షాహీన్,
మదనపల్లె పిల్ల,
దూదిపోగుతో నా చెంపలు నిమిరింది.
రెండు పక్కలా తెలిసింది.
గుండుసూదితో పొడిచింది.
కుడిపక్క "అబ్బా" అన్నా.
ఎడమపక్క "ఇంకా పొడవలేదా మా?" అన్నా.

"తాకుడికి పైనే మజిలీ ఉందమ్మా.
నొప్పి, వేడి, చలి, వీటికి అట్లా కాదు.
పైకి పోవాలన్నా ముందు కిందికి దిగాల,
మెడ మొదట్లో దాకా.
ఆడ బండి మారి, పక్క మారి,
అప్పుడు ఎక్కాల."
కొండకు ఎక్కే రోడ్డు వేరే, దిగే రోడ్డు వేరే అయిన ఊర్లో
మంచం మీద పడుకోని వింటా ఉండా.
దిగే రోడ్డు మలుపులో
నా బండరాయి పడింది.

కాయితం మీద మొగం గీసింది.
నడుమ ముక్కూ నోరూ,
చుట్టూ గుండ్రాలు, గుండ్రాలు, చెవుల దాకా.
నోటి కాడి గుండ్రం కబురు పైమెట్టున దిగుతుందంట,
చెవి పక్కది అన్నిటికన్నా అడుగున.
"ఎర్రగడ్డ పొరల మాదిరి" అనింది.
నలభై ఏండ్లు పౌడరు పూసిన మొగం,
లోపల కూరగాయలంగడి!

చిత్రమేమంటే
చెడింది ఎడమ మొగం, కుడి చెయ్యి.
కుడిచేత్తో కాగే నీళ్ల చెంబు ఎత్తినా ఒకనాడు.
బొబ్బ లేచినాక తెలిసింది.
తెలీలేదు గూడా, చూసినా.

ఆ మొద్దు చెంపే రాత్రిళ్లు మండుతుంది.
పెట్టిన నిప్పు తెలీదు,
లేని నిప్పు తెలుస్తుంది.
షాహీన్ దానికి మాత్ర రాసింది,
బొమ్మ మాత్రం గీయలేదు.

నిన్న రాత్రి చిన్నోడు గంగాధరం మూలుగతా ఉన్నాడు.
చీకట్లో, అలవాటుగా,
ఎడమ చెంప ఆనించినా వాడి నుదుటికి.
చర్మం తెలిసింది. జుట్టు గరుకు తెలిసింది.
సైకిలు మీద నుంచి పడినప్పటి మచ్చ,
దాని మిట్ట, అన్నీ తెలిసినాయి.
నా బిడ్డే.
జొరం ఉందో లేదో మాత్రం
ఆ చెంప చెప్పలే.

మొగం తిప్పి
కుడి చెంప పెట్టినా.